డిశ్చార్జి అయ్యాక ఎక్కడికి?

నర్సుల దినోత్సవానికి ఒక నర్సింగ్ కాలేజీ వాళ్లు పెద్దమ్మను పిలిస్తే తోడుగా నేనూ వెళ్లాను. పెద్దమ్మ ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. వేదికెక్కినవాళ్లంతా వరసగా కరుణ, త్యాగం, సేవ గురించి మాట్లాడారు. ఒకాయన మాత్రం రెండో ప్రపంచ యుద్ధం దాకా వెళ్లారు. "ఫ్రాన్సులో, బెల్జియంలో కొంతమంది నర్సులు తెల్ల యూనిఫాం విప్పేసి రహస్య పోరాటంలోకి దూకారు. అప్పటి నుంచి వాళ్లు వట్టి నర్సులు కారు, వీరవనితలు" అన్నారు. చప్పట్లు బాగా పడ్డాయి. ఆ 'వట్టి నర్సులు' అన్న మాట నాకు మింగుడు పడలేదు. ఎదురుగా కూర్చున్న ఆడపిల్లలంతా రేపు ఆ వట్టి నర్సులు కాబోతున్నవాళ్లే.

ఆయన పేరు చెప్పలేదు గానీ, ఆ వర్ణనకు సరిపోయే మనిషి ఒకామె ఉంది. ఆంద్రే ద యోంగ్. బెల్జియం దేశస్థురాలు, అందరికీ దేదే. జర్మన్ల నుంచి తప్పించుకునే సైనికుల్నీ ఇతరుల్నీ బ్రస్సెల్స్‌లో రైలెక్కించి, పారిస్ మీదుగా ఫ్రాన్స్ దక్షిణపు కొసదాకా తీసుకెళ్లి, రాత్రిపూట పిరనీస్ కొండలు దాటించి, యుద్ధంలో చేరని స్పెయిన్‌లో దించిన కామెట్ లైన్ అనే రహస్య దారి ఆమె మొదలుపెట్టిందే. ఆమె గురించి చాలాకాలంగా చదువుతున్నాను. చదివేకొద్దీ గట్టిపడిన అభిప్రాయం ఇది: ఆమె నర్సు పని మానేసి ఇంకో పనిలోకి వెళ్లలేదు. అదే పనిని ఆస్పత్రి గేటు బయటికి తెచ్చి, వెయ్యి కిలోమీటర్లకు పైగా సాగదీసింది. దీనికి అభ్యంతరాలున్నాయని తెలుసు. అందులో ఒకటి నన్ను ఇప్పటికీ వదలడం లేదు. అది కూడా రాస్తాను.

గాయం మానితే జైలు

దేదే 1916లో బ్రస్సెల్స్‌ను ఆనుకుని ఉన్న స్కార్‌బేక్‌లో పుట్టింది. తండ్రి ఫ్రెడెరిక్ బడిపంతులు. ఆమె పుట్టడానికి ఏడాది ముందు, మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 అక్టోబర్ 12న, అదే స్కార్‌బేక్‌లోని షూటింగ్ రేంజిలో ఈడిత్ కావెల్ అనే ఇంగ్లిష్ నర్సును జర్మన్లు కాల్చి చంపారు. తన క్లినిక్‌లో మిత్రపక్ష సైనికుల్ని దాచి హాలండ్ సరిహద్దు దాటించిందన్నది ఆమె మీద నేరం. ఆ కథ చెప్పి కూతుర్ని పెంచాడు ఫ్రెడెరిక్.

1940 మేలో జర్మన్ సైన్యం బెల్జియంలోకి వచ్చేసరికి దేదే కమర్షియల్ ఆర్టిస్టుగా ఉద్యోగం చేస్తోంది. ప్రథమ చికిత్స అప్పటికే నేర్చుకుంది. ఉద్యోగం వదిలి రెడ్ క్రాస్‌లో నర్సుగా చేరింది. గాయపడి జర్మన్లకు చిక్కిన బ్రిటిష్ సైనికులు ఆమె పేషెంట్లు. వాళ్ల ఇళ్లకు క్షేమ సమాచారం పంపే పని కూడా తనే చూసుకునేది.

ఆ వార్డులోని చిక్కు చూడండి. కట్టు మార్చడం, చీము పట్టకుండా చూడడం, జ్వరం తగ్గించడం, లేపి నాలుగడుగులు వేయించడం నర్సు పని. ఆ పని ఎంత బాగా చేస్తే ఆ సైనికుడు అంత త్వరగా కోలుకుంటాడు. కోలుకున్న మరుక్షణం అతన్ని జర్మనీలోని ఖైదీల క్యాంపుకు పంపేస్తారు. తన చేతి మంచితనం వల్లే తన పేషెంటు బందీ అవుతున్నాడు. ఈ స్థితిలో ఏ నర్సుకైనా రెండే దారులు. గాయం వరకే నా బాధ్యత అని సరిపెట్టుకోవడం ఒకటి. ఈ మనిషి ఇక్కడి నుంచి ఎక్కడికి పోతాడో అది కూడా నా పనే అనుకోవడం రెండోది.

దీన్ని పెద్దమ్మతో మాట్లాడుతుంటే ఆమె సర్వీసు తొలినాళ్ల సంగతి ఒకటి చెప్పింది. కాలిన గాయాలతో ఒకమ్మాయి ఫిమేల్ సర్జికల్ వార్డులో చాలా వారాలుంది. స్టవ్ అంటుకుందనే చెప్పేది. డిశ్చార్జి రాసిన రోజు పొద్దున్నే భర్త, అత్త ఆటో మాట్లాడుకుని మెయిన్ గేటు దగ్గర నిలబడ్డారు. వాళ్లను కిటికీలోంచి చూసి ఆ పిల్ల మంచం కోడు పట్టుకుని వదల్లేదట. పెద్దమ్మ డిశ్చార్జి షీటు టేబుల్ సొరుగులో పెట్టి, డాక్టరుగారు రౌండ్స్‌లో ఉన్నారు, సంతకం కాలేదని మధ్యాహ్నం దాకా వాళ్లను కూర్చోబెట్టింది. ఈలోపు వార్డుబాయ్‌ని సైకిలు మీద పంపి ఆ పిల్ల అన్నయ్యకు కబురందించింది. అతను వచ్చాక వంటశాల వైపు గేటు నుంచి ఇద్దర్నీ పంపేసింది. తర్వాత మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది.

"మరి ఆరోజు నువ్వు నర్సుగా చేశావా, ఇంకేమైనా అయ్యావా?" అని అడిగాను. "ఏం ప్రశ్నే ఇది! నెలల తరబడి కట్లు కట్టింది మళ్లీ కాల్చడానికి అప్పజెప్పడానికా?" అంది.

దేదే గురించి నేను చెప్పాలనుకున్నదంతా పెద్దమ్మ ఆ ఒక్క మాటలో అనేసింది. వీరత్వం అంటే పెద్దమ్మ ఒప్పుకోదు. చేసిన పని చెడిపోకూడదన్న పట్టుదల అది.

సోమ్ నది, బిల్బావో మెట్లు

1941 వేసవిలో దేదే, ఆర్నోల్డ్ దెప్పే అనే యువకుడు కలిసి మొదటి గుంపును బయల్దేరదీశారు. ఉత్తర ఫ్రాన్సులో జర్మన్ల నిషిద్ధ ప్రాంతం సోమ్ నది దగ్గర ముగుస్తుంది. అక్కడ ఎక్కాల్సిన పడవ అందలేదు. గుంపులో చాలామందికి ఈత రాదు. ఒక టైరు ట్యూబు, ఒక తాడు సంపాదించి, చీకట్లో ఒక్కొక్కరినే ట్యూబు పట్టుకోమని ఒడ్డుకూ ఒడ్డుకూ మధ్య ఈదుతూ లాక్కెళ్లారు. అందరూ చేరేదాకా ఆమె ఆ నదిని ఎన్నిసార్లు ఈదిందో!

ఆ గుంపును స్పెయిన్ సరిహద్దు దగ్గర దారి చూపేవాళ్లకు అప్పగించి వెనక్కి వచ్చేశారు. తర్వాత తెలిసింది, వాళ్లలో చాలామంది స్పెయిన్ పోలీసులకు చిక్కి నిర్బంధంలో పడ్డారని. ఇంకొకరైతే మన చేతనైనంత చేశాం కదా అనుకునేవారు. దేదే ఆగస్టులో రెండో గుంపుతో బయల్దేరింది. దారిలో దెప్పే పట్టుబడ్డా ఆగలేదు. ఒక స్కాటిష్ సైనికుణ్ణి, ఇద్దరు బెల్జియన్లను వెంటబెట్టుకుని తనే కొండలు దాటి, బిల్బావోలోని బ్రిటిష్ కాన్సులేట్ మెట్లెక్కింది. సరిహద్దు దాకా తీసుకెళ్తే చాలదు, అవతలివాడి చేతిలో చెయ్యి పెట్టి రావాలని ఆమెకు ఆ మొదటి గుంపు నేర్పింది. పేషెంటును వార్డు మార్చేటప్పుడు నోటిమాటగా చెప్పి వదిలేయకుండా, మంచం దగ్గరికి వెళ్లి అప్పగించే నర్సులను చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

కాన్సులేట్ వాళ్లు నమ్మలేదు. పాతికేళ్లు నిండని సన్నపాటి పిల్ల పిరనీస్ దాటి ముగ్గుర్ని తెచ్చానంటే జర్మన్లు పంపిన మనిషేమోనని లండన్‌లో అనుమానపడ్డారు. ఆమె అడిగింది కూడా వింతగానే ఉంది. ఖర్చులకు డబ్బు ఇవ్వండి, మనుషుల్ని తెస్తాను, కానీ లైను మా చేతుల్లోనే ఉంటుంది, మీ ఆజ్ఞలు మాకు వద్దు అంది. చివరికి ఒప్పుకున్నారు.

ఆ తర్వాత ఏడాదిన్నరలో ఇరవైకి పైగా సార్లు ఆ కొండలు దాటింది. 118 మందిని స్వయంగా చేర్చింది. ఆ పని రోజువారీగా ఎలా ఉండేదో చదివితే సాహస కథలా ఉండదు, డ్యూటీ రిజిస్టరులా ఉంటుంది. ఎవరి బూట్లు కరుస్తున్నాయి, ఎవరి కాలు ఇంకా మానలేదు, ఎవరికి దొంగ కాగితాల్లో ఏ పేరు రాశారు. అమెరికన్లయితే చేతులు జేబుల్లో పెట్టుకుని నడవకూడదు, ఫోర్కు కుడిచేతికి మార్చుకుని తినకూడదు. ఆ రెండు అలవాట్లూ రైల్లో ప్రాణం మీదికి తెస్తాయి. కొండ కింద, సరిహద్దుకు రెండువైపులా ఉండే బాస్క్ జాతివాళ్ల పల్లెలో చెప్పులు మార్చాలి, చప్పుడు చేయని తాళ్ల అడుగుల గుడ్డ బూట్లు తొడగాలి. సరిహద్దుకు దగ్గర్లోని ఆంగ్లే అనే ఫ్రెంచి పట్నంలో ఎల్వీర్ ద గ్రేఫ్ అనే గృహిణి తిండీ బసా చూసేది. ఆమె భర్త జర్మన్ ఆఫీసులో దుబాసీ, అక్కడి నుంచే ఖాళీ పాసులు, ముద్రలు బయటికొచ్చేవి. కొండ మీద ఫ్లోరెంతినో అనే బాస్క్ స్మగ్లర్ ముందు నడిచేవాడు, ఎదిగిన మగవాళ్లు కూలబడితే మోసేవాడు. అతను దారిలో అక్కడక్కడా కోన్యాక్ బ్రాందీ సీసాలు దాచుకునేవాడట. అందరికన్నా వెనక దేదే, ఎవరైనా మిగిలిపోయారేమోనని చూసుకుంటూ.

ఎర్ర శిలువ గుర్తు సంగతి

ఇక అభ్యంతరాలు. మొదటిది పెద్దమ్మే లేవనెత్తింది. "ఆ నర్సులు చేసింది తెలిస్తే జర్మన్లు మిగతా నర్సుల్ని నమ్ముతారా? రేపు గాయపడ్డవాడి దగ్గరికి ఎవర్ని పోనిస్తారు?"

చిన్న ప్రశ్న కాదిది. 1929 జెనీవా ఒప్పందం వైద్య సిబ్బందికి రక్షణ ఇస్తూనే, ఆ రక్షణను శత్రువుకు హాని చేయడానికి వాడితే అది చెల్లదని చెప్పింది. కావెల్ మీద జర్మన్ల వాదన కూడా దాదాపు ఇదే. సైనికుల్ని దాటించానని ఆమె దాచకుండా ఒప్పుకుంది. ఆమె తోటివాళ్లలో కొందరు సైనిక సమాచారం కూడా చేరవేశారని తర్వాత బయటపడింది. కామెట్ లైనుదీ శుద్ధమైన కథ కాదు. బ్రస్సెల్స్‌లో దాని కేంద్రం స్వీడిష్ రెడ్ క్రాస్ అండతో పేద పిల్లలకు అన్నం పెట్టే క్యాంటీన్. దాన్ని నడిపిన జాన్ గ్రాండ్ల్ అనే ఆయనే ఆ నగరంలో లైనుకు పెద్ద. ఆయన దొరికిపోయినప్పుడు ఆ పిల్లల సంగతేమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇంకో సంగతి ఈ వాదనకు మరింత బలమిస్తుంది. దేదే తర్వాత జర్మన్లకు పట్టుబడింది, ఆ కథ కింద చెప్తాను. 1945 ఏప్రిల్ 22న ఆమె మౌట్‌హౌసెన్ అనే నాజీ నిర్బంధ క్యాంపు నుంచి బయటపడింది. విడిపించి తీసుకెళ్లింది అంతర్జాతీయ రెడ్ క్రాస్. నాజీలు ఆ గుర్తును ఆఖరి రోజుల్లో ఎంతో కొంత లెక్కచేశారు కాబట్టే అది సాధ్యమైంది. అందరూ తన దారే పట్టి ఉంటే ఆ గేటు తెరుచుకునేదా?

అయినా నా అభిప్రాయం మారలేదు. ఎందుకంటే తటస్థత అనేది గాయపడ్డవాడి కోసం పుట్టింది, గుర్తు కోసం కాదు. ఆక్రమించిన సైన్యమే ఆస్పత్రి నడుపుతూ, కోలుకున్నవాణ్ణి కోలుకున్నట్టే ఎత్తుకుపోతుంటే, నర్సు మౌనంగా ఉండడం తటస్థత అవ్వదు, ఒక పక్షానికి ఊడిగం అవుతుంది. కాకపోతే ఇక్కడ ఒక గీత ఉండాలి. పిరనీస్ దాటేటప్పుడు దేదే రెడ్ క్రాస్ గుర్తు చాటున దాక్కోలేదు. తప్పుడు కాగితాలతో, మామూలు ప్రయాణికురాలిలా, పట్టుబడితే తన తల మీదికే వచ్చేలా వెళ్లింది. క్యాంటీన్ విషయంలో ఆ గీత చెరిగింది. దాన్ని సమర్థించడానికి నాకు మనసొప్పదు.

పెద్దమ్మ దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు. "నేను వంటశాల గేటు తీశాను గానీ, అబద్ధం సర్టిఫికెట్ రాయలేదు" అంది. ఆ తేడా ఆమెకు చాలా ముఖ్యం. నాకూ ముఖ్యమే అనిపిస్తోంది ఇప్పుడు.

కాపాడినవాడు మళ్లీ బాంబర్ ఎక్కితే

రెండోది నన్ను వదలని సందేహం.

మొదట్లో దేదే తెచ్చింది, 1940లో బ్రిటిష్ సైన్యం ఫ్రాన్సులోని డంకర్క్ రేవు నుంచి వెనుదిరిగాక చిక్కుబడిపోయిన సైనికుల్ని, సైన్యంలో చేరాలనుకున్న బెల్జియన్లను. బ్రిటిష్‌వాళ్లకు మాత్రం అన్నిటికంటే విమాన సిబ్బంది కావాలి. ఒక పైలట్‌ను తయారు చేయడానికి చాలా కాలం, చాలా డబ్బు పడుతుంది. అలా లైను క్రమంగా కూలిన విమానాల వాళ్లకోసం అయింది. ఆమె దాటించిన 118 మందిలో 80 మందికి పైగా వాళ్లే. వార్డులో ఎవరి గాయం పెద్దదైతే వాళ్ల దగ్గరికి ముందు వెళ్తారు. ఇక్కడ ఎవరు యుద్ధానికి ఎక్కువ పనికొస్తే వాళ్లు ముందు. ఇది నర్సింగేనా?

ఆ మనుషులు ఇంగ్లండ్ చేరాక ఏం చేశారు? కొందరు మళ్లీ విమానం ఎక్కారు. 1943 ఏప్రిల్ 5న ఆంట్వెర్ప్ పక్కనున్న మోర్ట్‌సెల్‌లో జర్మన్ విమానాలు బాగుచేసే ఫ్యాక్టరీ మీద అమెరికన్ బాంబర్లు దాడి చేశాయి. బాంబుల్లో ఎక్కువ భాగం గురితప్పి ఇళ్ల మీద, బడుల మీద పడ్డాయి. 936 మంది పోయారు, అందులో 209 మంది పిల్లలు. బెల్జియం మనుషులే వాళ్లంతా. క్యాంటీన్ నడిపిన గ్రాండ్ల్‌కు జర్మన్లు మరణశిక్ష వేసి బ్రస్సెల్స్‌లోని సైనిక బ్యారక్స్‌లో ఉంచారు. 1943 సెప్టెంబర్ 7న నగరం మీద పడ్డ మిత్రపక్షాల బాంబులకు ఆయన ఆ గదిలోనే చనిపోయాడు. ఆయన కాపాడింది సరిగ్గా అలాంటి విమానాల్లో ఎగిరేవాళ్లనే.

కామెట్ లైను వాళ్లు ఒక లాటిన్ నినాదం పెట్టుకున్నారు: కొట్టకుండా పోరాడు. తుపాకీ పట్టకుండా చేసిన పోరాటం అన్నది నిజమే. కానీ వాళ్లు తిరిగి పంపినవాడు కొట్టడానికే వెళ్తాడని వాళ్లకు తెలియదా? తెలుసు. దేశం ఆక్రమణలో ఉన్నప్పుడు ఆ కొట్టడం జరగాలనే కోరుకున్నారు. పెద్దమ్మ కాపాడిన పిల్లతో పోల్చి చూస్తే ఇక్కడ నా వాదన కుంటుతుంది. ఆ పిల్ల బయటికెళ్లి ఎవరికీ హాని చేయదు.

దీనికి నేను చెప్పుకునే సమాధానం ఒకటుంది, అది పూర్తిగా సరిపోతుందని అనను. పొలంలో పారాచూట్‌తో పడ్డవాడు ఆ క్షణంలో ఒంటరివాడు. భాష రాదు, కాలు విరిగి ఉంటుంది, ఒళ్లు కాలి ఉంటుంది. వాడు నిన్న చేసినదాన్నీ రేపు చేయబోయేదాన్నీ లెక్కగట్టి తలుపు తీయాలంటే ఏ తలుపూ తెరుచుకోదు. మన ఆస్పత్రుల్లోనూ అంతే కదా, క్యాజువాలిటీలోకి వచ్చినవాడు హంతకుడైనా ముందు సెలైన్ ఎక్కిస్తారు. దేదే ఆ నియమాన్నే పట్టుకుందని నేననుకుంటాను. లండన్‌వాళ్లు తమ లెక్కలో పైలట్లను అడిగారు, ఆమె తన లెక్కలో మనుషుల్ని చేర్చింది. రెండు లెక్కలూ ఒకే దారిలో నడిచాయి. మోర్ట్‌సెల్ పిల్లల్ని తలుచుకున్నప్పుడు మాత్రం ఈ సమాధానం గొంతు దిగదు. దిగకపోయినా దేదే తలుపు తీయకుండా ఉండాల్సిందని నా నోటితో అనలేను.

తలుపు తీసినవాళ్లు

ఇంత రాసి ఫ్రాంచా ఉసాందిసాగా పేరెత్తకపోతే అన్యాయం. ఉర్రూన్ అనే బాస్క్ పల్లెలో బిదెగైన్ బెర్రి అనే పొలం ఇల్లు ఆమెది. భర్త పోయాడు, చిన్నపిల్లలున్నారు. స్పెయిన్ వైపు ఎక్కబోయే గుంపులకు చివరి మజిలీ ఆ ఇల్లే. 1943 జనవరి 15న జోరువాన. సరిహద్దులోని బిదసోవా నది పొంగి ఉంది, దాటడం కుదరలేదు. ముగ్గురు విమాన సైనికులతో దేదే ఆ రాత్రికి అక్కడే ఆగింది. జర్మన్లు ఆ ఇంటి మీదే పడి అందర్నీ పట్టుకెళ్లారు.

విచారణలో దేదే చివరికి ఈ లైను మొత్తం నాదే, నేనే పెట్టానని చెప్పింది. లైనులోనే పనిచేస్తున్న తండ్రిని, తోటివాళ్లను తప్పించడానికి ఆ నిజమే పనికొస్తుందనుకుంది. జర్మన్లు మొదట నమ్మలేదు. అప్పట్లో బ్రిటిష్‌వాళ్లు అనుమానపడిందీ, ఇప్పుడు జర్మన్లు కొట్టిపారేసిందీ ఒకే కారణంతో. ఒక చిన్న పిల్ల, అందులోనూ నర్సు, ఇంత పని చేయగలదని ఎవరికీ తోచలేదు. వేదిక మీది పెద్దమనిషి మాటలోనూ ఆ లోపమే ఉందని నాకనిపిస్తుంది. నర్సు పనిలోనే ఈ తెలివి, ఈ లెక్క, ఈ మొండితనం ఉంటాయని ఒప్పుకోలేక, ఇంత చేసిందంటే ఆమె నర్సు కాదు ఇంకెవరో అయి ఉండాలంటారు.

ఫ్రెడెరిక్ ఆ ఏడాది జూన్‌లో పారిస్‌లో ఒక ద్రోహి వల్ల దొరికిపోయాడు. 1944 మార్చి 28న పారిస్ పక్కనున్న మోంట్ వలేరియన్ కోటలో కాల్చేశారు. 1943 అక్టోబర్ 20న కామెట్ లైను మనుషులు కొందర్ని స్కార్‌బేక్‌లో, కావెల్‌ను చంపిన షూటింగ్ రేంజిలోనే చంపారు. ఫ్రాంచా రావెన్స్‌బ్రూక్ క్యాంపు నుంచి తిరిగి రాలేదు. పట్టుబడ్డ పైలట్ సాధారణంగా యుద్ధఖైదీ అయ్యేవాడు. వాడికి సూప్ పెట్టిన ఇల్లాలు క్యాంపుకు పోయేది. ఈ తేడా తెలిసే తలుపు తీశారు వాళ్లంతా. దేదేకు వచ్చిన పేరులో ఫ్రాంచా వాటా ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు. లైను పెట్టిన మనిషికి ఇతరుల ప్రాణాలను అలా పణంగా పెట్టే హక్కు ఉందా అని అడిగేవాళ్లున్నారు. ఫ్రాంచా తనంతట తనే ఒప్పుకుంది అన్నది ఒక్కటే నేను చెప్పగలిగేది. ఆమె పిల్లలను ఎవరూ అడగలేదన్నది కూడా నిజమే.

యుద్ధం అయ్యాక దేదేకు 1946లో బ్రిటన్ జార్జ్ మెడల్ ఇచ్చింది, అమెరికా, ఫ్రాన్స్, బెల్జియం కూడా గౌరవించాయి. ఆ వక్త చెప్పినట్టు ఆమె నర్సు వేషం విప్పేసిన వీరవనిత అయితే, ఆ తర్వాత ఎటో వెళ్లి ఉండాలి. ఆమె నర్సింగ్ చదువు పూర్తి చేసుకుని బెల్జియన్ కాంగోకు, తర్వాత కామెరూన్‌కు, ఇథియోపియాకు, సెనెగల్‌కు వెళ్లింది. కుష్ఠురోగుల ఆస్పత్రుల్లో పనిచేసింది. జబ్బు తగ్గిందని డాక్టరు చెప్పినా ఇంటివాళ్లు గడప తొక్కనివ్వని పేషెంట్లు అలాంటి చోట్ల ఎందరో ఉంటారు. కళ్లు, ఆరోగ్యం సహకరించినన్నాళ్లూ ఆమె వాళ్ల మధ్యే ఉండి, 2007లో తొంభై ఏళ్లకు బ్రస్సెల్స్‌లో పోయింది.